గీకని కొమ్ము

జానకీబాయి మా ఊరికి వచ్చింది అరవై మూడుల, నాట్లు అయిపోయినంక. ఖానాపూర్ల బస్సు దిగి, మూడు కోసులు కచ్చరం బండిల కూసోని వచ్చింది. చేతుల తోలుసంచి, ఎడమ చేతికి మొగోళ్ళ గడియారం. వెంట పశువుల దవాఖానల పనిచేసే అంబదాస్ ఉండె.

"వెంకటీ, ఈ బాయిది కరీంనగర్. హైద్రాబాద్ల పెద్ద చదువు చదువుతున్నది. ముసల్తనం మీద," అన్నడు అంబదాస్.

మా ఇంటామె సక్కుబాయి చెరుగుతున్న చాట కింద పెట్టింది. "ముసల్తనం మీద చదువుడేంది? అది చదవకున్నా వస్తది గద."

"ఎందుకొస్తదో ఎవరికీ తెల్వదక్కా," అన్నది జానకీబాయి. "బండి ఇరుసు అరిగినట్టు చాకిరితోని అరిగి వస్తదా, లేకుంటే నీకు గింత కాలమే అని పుట్టినప్పుడే లోపల రాసి ఉంటదా? గది చూద్దామని వచ్చిన."

ఆ మాట రెండు మూడు దినాలు నా చెవుల తిరిగింది. అరిగి వస్తదా, రాసి ఉంటదా. చిన్నప్పటి సంది ఎడ్ల నడుమనే ఉన్న గని నేనెన్నడు గిట్ల అడుగుకోలే.

అంబదాస్ ఆమెను నా దగ్గరికే ఎందుకు తెచ్చిండంటే, ఖానాపూర్ సంతల ఎడ్ల నోరు తెరిచి వయసు చెప్పుడు నాకు అలవాటు. కొనేటోళ్ళు పిలుస్తరు. చూస్త, చెప్త, వస్త. అమ్మేటోళ్ళు ఎనుక నుంచి తిడుతరు.

"దొరసాని, మంచినీళ్ళు తాగు," అని చెంబు ఇస్తే, "దొరసాని అనొద్దు, జానకి అను," అన్నది. వట్టి పేరు నోటికి రాక జానకమ్మ అన్న. ఆమె నన్ను వెంకటన్న అన్నది. మా వెనుకింట్ల, మా దోస్తు బాలమల్లు తల్లి దగ్గర ఆమె ఉండేటట్టు మాట్లాడినం.

ఆమె పని గిట్ల ఉండె. యూనివర్సిటీల ఆమె పెద్ద సార్ ముసల్తనం గురించి శోధన చేసే పిల్లలను తయారు చేస్తున్నడు. చోటు ఒక్కటే ఉన్నది. నేర్చుకునేటోళ్ళు ఇద్దరు: జానకమ్మ, సీతారాంరావు అనే ఇంకో పిలగాడు. ఆయన హైద్రాబాద్ల ఎలుకలను పెంచుతున్నడు. ఎలుక మూడేండ్లల్ల ముసలిదైతది, కండ్ల ముందరనే చూడొచ్చు. ఎద్దును గట్ల పెంచుకుంట కూసుంటే చదువు చెప్పించుకునేటోళ్ళే ముసలైపోతరు. గందుకే ఆమె ఇదివరకే వయసు పైబడ్డ ఎడ్లను వెతుక్కుంట వచ్చింది. దసరా లోపట ఎవరి పని గట్టిగ ఉంటే చోటు వాళ్ళకు.

"వేములవాడల ముప్పై కోడెలను చూసొచ్చిన," అన్నది. "రాజన్నకు మొక్కి విడిచిన కోడెలు. నాగలి ఎరుగయి, బండి ఎరుగయి. ఇప్పుడు మీ దిక్కు నలభై పని ఎడ్లను చూడాలె. రెంటికీ తోలు ఎట్లున్నదో పోల్చాలె."

తోలు చూసుడు సులువే. మెడ పక్కన తోలును రెండు వేళ్ళతోని పట్టి లాగి విడుస్తది. గడియారం చూసుకుంట, అది మళ్ళ సాపు అయ్యేదాక లెక్కపెడుతది. లేగదూడ తోలు విడువంగనే అతుక్కుంటది. ముసలెద్దు తోలు ముడత పడి నిలబడి, తీరికగ కిందికి పోతది. పడుచు ఎద్దుకు ఒక లెక్క, ముసలి ఎద్దుకు నాలుగు, అయిదు.

మా ఊరోళ్ళకు గిది మంచి తమాషా అయింది. వారం తిరగకముందె చావడి కాడ ఒకని చెయ్యి ఒకడు గిల్లి లెక్కపెట్టుకుంటుండ్రి. బాలమల్లు వాళ్ళ అత్త చెయ్యి గిల్లి తొమ్మిది దాక పోయిండట. ఆమె చెప్పు తీసుకున్నంక లెక్క ఆపిండట.

మొదటి దినమె జానకమ్మ నాకు ఒక సంగతి చెప్పింది. "ఎద్దు వయసు నాకు చెప్పొద్దు వెంకటన్నా."

"ఎందుకమ్మా?"

"నువ్వు పన్నెండని అంటివనుకో, నా కన్ను పన్నెండే చూస్తది. యజమానిని అడుగొద్దు, కొమ్ము మొదట్ల ఉంగరాలు ఉంటయి, అవి లెక్కపెట్టు అని మా సార్ చెప్పిండు. ఎద్దుకు అయిదో ఏట మొదటి ఉంగరం పడుతది. ఎనుక ఏటా ఒకటి."

"మంచిది," అన్న. మాట్లాడకుండ ఉండుమంటే నాకు అంతకంటే సుఖం లేదు.

పొద్దున్నే, నాగలి కట్టకముందు, ఇల్లిల్లు తిరిగేటోళ్ళం. నేను ముకుతాడు పట్టేటోన్ని. ఆమె భూతద్దం పెట్టి కొమ్ము చూసేది, వేలితోని తడిమేది, తోలు గుంజి లెక్కపెట్టేది, నోట్‌బుక్కుల రాసేది. భయం లేదు. ఎద్దు తలకాయ ఇసిరితే ఒక అడుగు జరిగి మళ్ళ వచ్చేది. రాసుడు కూడ ఒక తీరు. చూసింది ఎడమ దిక్కు రాసి, నడుమ గీత గీసి, తనకు అనిపించింది కుడి దిక్కు రాసేది. కుడి దిక్కు ఎక్కువ ఖాళీగనే ఉండె.

మా ఎద్దు కర్రోన్ని చూసిన నాడు ఆమె మూడు ఉంగరాలు లెక్కపెట్టి, ఏడు అని రాసింది. నాకు అంకెలు బాగనే వస్తయి, ఊరి బడిల నాలుగు దాక చదివిన. ఏడు అని కనపడ్డది. కర్రోనికి పద్నాలుగు. ఇదేదో చదువుకున్నోళ్ళ లెక్క, మన ఏండ్లు వేరు, వీళ్ళ ఏండ్లు వేరు కావచ్చు అనుకున్న. చెప్పొద్దన్నది గద.

నలభై ఎడ్లు అయినంక ఒకనాడు ఆమె అరుగు మీద కూసోని కాయితాలు పరిచింది. ముఖం కడిగిన ఇత్తడి లెక్క మెరుస్తున్నది.

"వెంకటన్నా, ఇటు చూడు. మీ ఎడ్లకు ఏడేండ్లకే నాలుగు లెక్కలు పడుతున్నది. గుడి కోడెలకు పదమూడేండ్లకు గని నాలుగు పడుతలేదు. నాగలి ఎద్దు పానం నుంచి ఆరేండ్లు తింటున్నది! అరిగే వస్తదన్నట్టు!"

"అట్లనా," అన్న.

కర్రోడు ఏడేండ్లోడు కాదు. ఆ మాట నాలిక కొస దాక వచ్చింది. ఆమె అప్పటికే కవరు మీద అడ్రసు రాస్తున్నది.

పది దినాలకు జవాబు వచ్చింది. ఆమె అరుగు మీద నిలబడి చదివింది. ఇది నిజమైతే చిన్న సంగతి కాదు, దసరా సెలవుల్లో నలుగురు పెద్దల ముందు చదవాలి, సిద్ధంగా ఉండు అని సార్ రాసిండు. చోటు నీకే అని రాయలే గని, ఆమె ఆ ఉత్తరాన్ని మడిచి దాచుకున్న తీరు చూస్తే రాసినట్టే ఉండె.

ఆ మూడో దినం పొలాల అమావాస్య. మా దిక్కు ఎడ్లకు అది పెద్ద పండుగ. ఆ దినం ఎద్దు మెడ మీద కాడి పెట్టరు. వాగుల కడిగి, కొమ్ములు గీకి, రంగేసి, పూలు కట్టి, పొద్దుగూకే యాళ్ళకు హనుమండ్ల గుడి చుట్టు తిప్పుతరు. ఇంటికొచ్చినంక బెల్లం పోలెలు తినిపిస్తరు.

జానకమ్మ చూద్దామని వచ్చింది. "మా కరీంనగర్ దిక్కు ఈ పండుగ లేదు," అన్నది.

మా వాకిట్ల బాలమల్లు కర్రోని కుడి కొమ్ము పట్టుకోని గాజు పెంకుతోని గీకుతున్నడు. కొమ్ము మీదికెల్లి సన్నటి పొరలు తెల్లగ రాలుతున్నయి. పక్కన సక్కుబాయి గిన్నెల నూనె, నిర్మల్ నుంచి తెచ్చిన ఎర్రరంగు పెట్టుకోని ఉన్నది.

జానకమ్మ నడుస్తున్నదల్ల ఆగింది.

"ఏం చేస్తున్నవు మల్లన్నా?"

"ఎద్దుకు గడ్డం చేస్తున్న," అన్నడు బాలమల్లు. "పెండ్లికొడుకు గరుకు గడ్డంతోని ఊరేగుతడా? సాపు చేస్తేనే రంగు పట్టుతది."

"ప్రతి ఏడు చేస్తరా?"

"చెయ్యకుంటే ఊరు నవ్వదా? మా తాత కాలం సంది చేస్తున్నం."

ఆమె కిందికి వంగి ఒక పొరను ఏరింది. ఎండకు పెట్టి చూసింది. కుడి కొమ్ము మొదలు దాక పోయి తడిమింది. పైనంత గాజు లెక్క నున్నగ ఉన్నది. అడుగున, వెంట్రుకలు మొదలయ్యే కాడ, పెంకు తిరగదు. అక్కడ మూడు ఉంగరాలే మిగిలినయి, పైయి అన్ని ఏటేటా గీకుట్ల పోయినయి.

బాలమల్లు అటు దిక్కు పోయి ఎడమ కొమ్ముకు పెంకు ఆనిచ్చిండు. ఆమె గబుక్కున వాని చెయ్యి పట్టుకున్నది. "ఇది ఉండనీ."

వాడు నా దిక్కు చూసిండు. నేను తల ఊపిన.

జానకమ్మ పోయి పక్కకు పెట్టిన నాగలి మీద కూసున్నది. అక్కడికెల్లె అడిగింది. "వెంకటన్నా, కర్రోని వయసెంత?"

ఆమె నన్ను వయసు అడుగుడు అదే మొదలు.

"పద్నాలుగు."

"నేను ఏడు అని రాసిన."

"చూసిన."

"చూసినవా? మరి ఎందుకు చెప్పలే?"

"చెప్పొద్దంటివి గదమ్మా."

"అవు, చెప్పొద్దన్న," అన్నది జానకమ్మ. "నేనే అన్న."

సక్కుబాయి నా దిక్కు చూసిన చూపు ఇప్పటికీ యాదికున్నది. "చెప్పొద్దంటే చెప్పకుండ ఊకుంటవా? ఇల్లు కాలుతున్నా అడిగేదాక చెప్పడమ్మా ఈయన."

బాలమల్లుకు సంగతి అంత సమజైనంక ఉపాయం చెప్పిండు. "అక్కడ హైద్రాబాద్ల ఎవనికి తెలుస్తది బాయీ? కాయితం పోయింది, సార్ ఖుషి అయిండు. ఇగ ఎందుకు పరేషాన్?"

"నాకు తెలిసె గద," అన్నది జానకమ్మ.

ఆ పొద్దుగూకి కర్రోన్ని గట్లనే తోలుకపోయిన. ఒక కొమ్ము ఎర్రగ నున్నగ, ఒక కొమ్ము మురికిగ గరుకుగ. "ఏం వెంకటీ, మంగలోడు నడుమల లేచిపోయిండా?" అని అడగనోడు లేడు. జానకమ్మ ఊరేగింపు చూడలే. లోపల కూసోని సార్‌కు ఇంకో ఉత్తరం రాసింది. మూడు సార్లు చింపి రాసిందని బాలమల్లు తల్లి చెప్పింది.

తెల్లారి ఆమె మా ఇంటికి వచ్చేసరికి కండ్లు ఉబ్బి ఉన్నయి గని నోట్‌బుక్కు చేతుల్నే ఉన్నది.

"కర్రోనిది పద్నాలుగు అని నీకెట్ల తెలుసు?"

నేను నోరు తెరిచేలోపలె సక్కుబాయి అందుకున్నది. "మా నడిపి కొడుకు, ఈ కర్రోడు ఒక్క నెలల పుట్టిండ్రు. అటు తొట్లె, ఇటు దూడ. రెంటికీ నేనే లేచిన. నాకు తెల్వకపోతే ఇంకెవరికి తెలుస్తది?"

"నడిపోడు ఎప్పుడు పుట్టిండు?"

"పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఎండకాలం."

జానకమ్మ రాసుకున్నది. రాసుకోని కలం ఎత్తి నా దిక్కు చూసింది. "యజమానిని అడుగొద్దు అన్నడు సార్. యజమాని భార్యను అడుగొద్దని అనలే."

అప్పటి సంది నేను ముకుతాడు పట్టుడు ఆగింది. సక్కుబాయి ముందు, జానకమ్మ ఎనుక. నేను గడప బయట. పండ్లు చూసి నేను వయసు చెప్పుడు ఎనిమిదేండ్ల దాకనే, ఆ పైన అందాజె. మొగోళ్ళకు సంతల చెప్పే వయసు ఒకటి ఉంటది, అదే నోటికి వస్తది. ఆడోళ్ళు ఎద్దును అమ్మేటోళ్ళు కాదు.

కమలవ్వ ఇంట్ల ఆమె మొగడు, "తొమ్మిదేండ్లు ఉంటయి," అన్నడు.

"తొమ్మిదా!" అన్నది కమలవ్వ. "సంత లెక్క ఇంట్ల చెప్పకు. మా పెద్దోడు పుట్టిన మూడోనాడు ఆవు ఈనింది. ఇల్లంత జున్ను వాసన. బాలింతవు, నీకొద్దు అని మా అత్త ఒక్క ముక్క పెట్టలే. అందరు నా ముందర్నే తిన్నరు. గా కోపం ఇంక పోలే, నేను మర్సిపోతనా? పెద్దోనికి ఇప్పుడు పన్నెండు నిండినయి."

జానకమ్మ ఎడమ దిక్కు పన్నెండు అని రాసింది. కుడి దిక్కు చిన్నగ 'జున్ను' అని రాసి నవ్వుకున్నది. పండుగ ఎనుక ఆమె నవ్వుడు అదే చూసిన.

పిల్లల వయసు సరిచూద్దామని బడికి పోయినం. అంతయ్య సార్ రిజిస్టర్ తీసి ఇచ్చిండు గని ముందే చెప్పిండు. "తారీఖులు నమ్మకు తల్లీ. అడిగితే ఎవ్వరికీ తెల్వది. సగం మందికి జూన్ ఒకటి అని నేనే రాసిన. ఏడు మాత్రం తల్లులను అడిగి రాసిన."

"ఏడు చాలు సార్," అన్నది. పట్టిక కింద 'ఒక ఏడు అటు ఇటు' అని రాసింది.

నలభై ఎడ్లల్ల ఇరవై ఆరింటికి వయసు తేలింది. మిగిలినవి సంతల కొన్నవి, వాటిని పెంచిన ఆడోళ్ళు ఎక్కడున్నరో తెల్వది. వాటిని కొట్టేసింది. ఇరవై ఆరు మళ్ళ పట్టిక వేసేసరికి ఆరేండ్ల తేడా ఏడికి పోయిందో పోయింది. పదమూడేండ్ల పని ఎద్దు తోలు, పదమూడేండ్ల గుడి కోడె తోలు, ఒక్క తీరుగనే కిందికి దిగుతున్నయి.

"అంటే చాకిరికి ముసల్తనం రాదా?" అని అడిగిన.

"తోలు మట్టుకు అట్ల అంటున్నది. కాళ్ళ సంగతి నాకు తెల్వది."

నాకే నోరు ఊకోలే. "గుడి కోడె పండుకోని లేసుడు చూసినవా అమ్మా?"

"లేదు. ఎందుకు?"

"పని ఎద్దు ముసలిదైనంక గూడ ఒక్క ఊపుల లేస్తది. కట్టేసి మేపింది లేవబోయి రెండు సార్లు కూలవడుతది. నేను రెండు మూడింటినే చూసిన. ఎక్కువ చూడలే."

ఆమె కలం తీసింది. "ఇంకేం చూసినవు? నేను అడగనివి చెప్పు." ఆ దినం నేను మాట్లాడినంత నా పెండ్లిల గూడ మాట్లాడలే.

సార్ జవాబు బతుకమ్మల ముందర వచ్చింది. ఆమె నాకు వినిపిచ్చింది. ఆ ఉత్తరం నా దగ్గరనే ఉన్నది.

"చి. జానకికి. నీ రెండో ఉత్తరం, కొత్త పట్టిక అందాయి. మొదటి పట్టికను నేను నలుగురికి చూపించి ఉన్నాను. మళ్ళీ ఆ నలుగురి దగ్గరికి వెళ్ళి కాదని చెప్పవలసి వచ్చింది. నాకేమీ సరదాగా లేదు. అయితే ఉంగరాల సూత్రం నేను పుస్తకంలో చదివి నీకు చెప్పినది. ఏటా ఒకటే పడుతుందని నేను కళ్ళారా చూడలేదు. రాసినాయన చూశాడో లేదో తెలియదు. నీ గుడి కోడెల వయసులు ఇంకా ఆ సూత్రం మీదే నిలబడి ఉన్నాయి. కాబట్టి రెండో పట్టిక కూడా సగమే. చోటు సంగతి వచ్చే దసరా దాకా తేల్చను. సీతారాంరావుకూ అదే చెప్పాను. ఉంగరం ఏటా పడుతుందో లేదో నువ్వు తేల్చుకొని రా. ఏది తేలినా సరే."

జానకమ్మ ఉత్తరం మడిచి కర్రోని దిక్కు చూసింది. నేనూ చూసిన. ఎడమ కొమ్ము ఇంక గరుకుగనే ఉన్నది.

"ఒక ఏడు గీకకుండ ఉంటరా వెంకటన్నా? ఒక్క కొమ్మే. రెండోది మీ ఇష్టం."

"నాది ఉంటది," అన్న. "మిగిలినోళ్ళను అడగాలె."

మొగోళ్ళు ఒప్పుకోలే. పండుగ నాడు ఊరి ముందర నవ్వులపాలు కావాల్నా అన్నరు. సక్కుబాయి ఆడోళ్ళతోని మాట్లాడింది. ఏం మాట్లాడిందో నాకు చెప్పలే. వారం దినాలల్ల పది ఎడ్లు ఒప్పుకున్నయి, కర్రోనితోని పదకొండు. జానకమ్మ ఆకురాయితోని ప్రతి ఎడమ కొమ్ము మీద, వెంట్రుకల అంచుకే, సన్నటి గాటు పెట్టింది. కొమ్ము మొదటికెల్లి పెరుగుతది. గాటు పైకి జరుగుతది. ఏడాదికి గాటు కింద ఏం పడితే అది కొత్త ఉంగరం.

ఆమె పోయింది. మక్కలు, జొన్నలు, ఎండకాలం. ఎండకాలంల కర్రోనికి గాలికుంటు వచ్చి నోరంత పుండై ఇరవై దినాలు గడ్డి ముట్టలే. ఎన్నడు లేంది ఉడికిచ్చిన జావ పోసి బతికిచ్చుకున్నం.

వానలు పడ్డంక నాకు ఒక్కటే ఆత్రం. కొమ్ము మొదట్ల ఏం పడ్డదో చూడాలె. పొద్దున నీళ్ళు తాగిపిచ్చేటప్పుడు చెయ్యి అటే పోతుండె. నేను ముందు చూస్తే, ఆమె అడిగినప్పుడు నా ముఖంల కనపడుతది. గందుకే పాత ధోతి చింపి కొమ్ము మొదటికి కట్టిన. "ఎద్దుకు పంటి నొప్పా?" అన్నడు బాలమల్లు.

అరవై నాలుగుల పొలాల అమావాస్యకు రెండు దినాల ముందు జానకమ్మ వచ్చింది. కొంచెం చిక్కింది. కొమ్ముకు కట్టిన గుడ్డ చూసి, "ఇదేంది?" అన్నది.

"నేను చూడలే."

ఆమె నోట్‌బుక్కుల ఒక కాయితం చింపి నాకిచ్చింది, పెన్సిల్ ఇచ్చింది. "ఒకలది ఒకలం చూడకుండ రాద్దాం."

గుడ్డ ఇప్పిన. ముందు ఆమె చూసింది, ఎనుక నేను. వేలి గోరుతోని గాటు కింద తడిమిన. ఒకటి తగిలింది. దాని కింద, సన్నగ, ఇంకొకటి. మళ్ళ తడిమిన. రాసిన. కాయితాలు రెండు పక్క పక్కన పెట్టినం. రెంటి మీద రెండే.

"ఏడాదికి రెండా?" అన్నది. "ఈ ఏడు దీనికి ఏమన్న అయిందా?"

ఈసారి అడగకముందె సగం చెప్పేసిన. గాలికుంటు, ఇరవై దినాలు, జావ. ఆమె అంత ఎడమ దిక్కే రాసుకున్నది. కుడి దిక్కు మాత్రం ఒక్క ముక్క, పక్కన ప్రశ్న గుర్తు: 'ఏడాది కాదు, ఆకలి?'

పదకొండింటిల ఏడింటికి ఒక్కొక్కటి పడ్డది. మూడింటికి అసలే పడలే. కర్రోనికి రెండు. పుస్తకంల సూత్రం నిలబడలే. గుడి కోడెల వయసులు అన్నీ మళ్ళ మొదటి నుంచి, వాటిని మొక్కిన ఇండ్లల్ల ఆడోళ్ళను అడిగి తేవాలె.

"మీ సార్ ఏమంటడో," అన్న.

"ఏమన్ననీ. ఉన్నదే రాస్త." చెయ్యి మాత్రం కొమ్ము మీద్నే ఉన్నది, తడుముకుంటనే ఉన్నది. చోటు యాది మర్చినట్టే ఉండె.

దసరా పోయిన ఎనిమిదో దినం కార్డు వచ్చింది. అంతయ్య సార్ బడి కాడ ఆపి చేతికిచ్చిండు. జానకమ్మ రాత. చోటు తనకు వచ్చిందని ఒక్క వరుస. వచ్చే ఎండకాలం వేములవాడల పండుకున్న కోడెలు ఎట్ల లేస్తయో చూడాలె, నువ్వు వస్తవా అని రెండు వరుసలు. సక్కుబాయి అక్కకు దండాలు. అడుగున, జాగ చాలక, అంచు పొంటి నిలువుగ రాసింది:

కర్రోని ఎడమ కొమ్ము వచ్చే ఏడు గూడ గీకొద్దు.